ముక్కు పురుగుల తొట్టి

పొద్దున్నే మొహం కడుక్కుందామని పెరట్లోకి వెళ్లిన డ్రైవరుకు నీళ్ల తొట్టి నిండా గుర్రపు డెక్క కనిపించింది. చెరువును కమ్మేసిన ఆ కలుపును కోసి గట్టుకు చేర్చే మరపడవను నడిపేది ఆయనే. బయట దానితో పడే పాట్లు చాలవన్నట్టు ఇప్పుడది ఇంట్లోకే వచ్చి కూర్చుంది.

"ఇదేంటమ్మడూ?" అన్నాడు.

పరిశోధనశాలలో కొత్తగా ఉద్యోగంలో చేరిన కూతురు ఒక ఆకు తిప్పి చూపించింది. మడతలో బియ్యపు గింజంత బూడిదరంగు పురుగు, ఇంత ముక్కేసుకుని. అది డెక్కను తప్ప దేన్నీ ముట్టదనీ, వీటిని పెంచి చెరువులో వదులుతామనీ చెప్పింది. అయినా తల్లికి నమ్మకం కుదరక వెళ్లి బియ్యం డబ్బా మూత బిగించి వచ్చింది.

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూశాడు. ఆకు మీద గోటితో గీరినట్టు మచ్చలు. ఇంతుంది, అంత చెరువునేం తింటుందని నవ్వాడు. కొన్నేళ్లు పట్టినా తింటుందని కూతురు అనేసరికి ఆ నవ్వు కాస్తా ఆగిపోయింది. తింటే ఇక తన పడవతో పనేముంది? ఆ మాట పైకి అనకుండానే కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని పనికి బయల్దేరాడు.

కూతురు చెరువులో ఓ మూల తాడు కట్టి పురుగులను వదిలింది. రెండు మూడు నెలలు గడిచాయి. ఒకరోజు ఆయన పడవను నేరుగా ఆ తాడు మీంచే పోనిచ్చి, ఆ మూలనున్న డెక్కంతా కోసి గట్టున పడేశాడు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర కూతురు అడిగింది. "తాడు కనపడలేదా నాన్నా?"

"కనపడింది."

వడ్డిస్తున్న తల్లి చెయ్యి ఆగిపోయింది.

"నీ పురుగులు గెలిస్తే నేనింట్లో కూర్చోవాలి. అది నీకెందుకు తట్టలేదు?" అన్నాడాయన.

"నన్నొక్క మాట అడగొచ్చుగా," అని కూతురు తినకుండానే లేచిపోయింది.

మర్నాడు ఆయన గట్టు మీది కుప్ప దగ్గరికెళ్లాడు. కాసేపట్లో ఎరువు కోసం ట్రాక్టరు వచ్చి దాన్ని ఎత్తుకుపోతుంది. ఏమీ తోచక ఒక కాడ విరిచాడు. లోపల సన్నటి సొరంగం, దాని చివర కాళ్లు లేని తెల్లటి పిల్ల పురుగు. ఇన్నేళ్లుగా కోస్తున్న కాడ లోపలేముందో ఆయన ఏనాడూ చూడలేదు. ఇంకోటి విరిచాడు. మరోటి. కోపం సంగతే మర్చిపోయి, టిఫిను డబ్బా ఖాళీ చేసి, ఆకుల మడతల్లో దొరికిన ముక్కు పురుగునల్లా, పిల్ల పురుగున్న కాడ ముక్కనల్లా అందులో వేయసాగాడు.

మిగిలిందేమైనా ఉందేమోనని వచ్చిన కూతురు, కుప్పలో మోకాళ్ల మీదున్న తండ్రిని చూసి నిలబడిపోయింది.

"ఈ పిల్ల పురుగు మొదలుదాకా పోతుందా?" అన్నాడాయన తలెత్తకుండానే.

"పోతుంది. మొక్క కుళ్లి మునుగుతుంది."

"ఇది పట్టినచోట నేను కోస్తే?"

"మళ్లీ అంత తొందరగా లేవదు. ఆనాడు తింటాయన్నాను గానీ, వట్టి పురుగుల వల్ల కాదు నాన్నా. ముందు నువ్వు దారి తీస్తేనే ఇవి వెనక కాపలా కాస్తాయి. నీ పడవను తీసేస్తారని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నా." ఆయన చేతిలోని కాడను పక్కన పెట్టాడు. "నీ కష్టాన్ని నా చేత్తో తుంచానమ్మడూ."

కూతురు పక్కనే కూలబడి, కళ్లు తుడుచుకుంటూ కాడలు తిరగేయసాగింది. ట్రాక్టరు వచ్చినా కాసేపు ఆగమన్నారు.

తర్వాత ఇద్దరూ పడవలో అవతలి ఒడ్డుకు వెళ్లారు. ఆయన ఇంజను ఆపి పురుగులను ఆకుల మీదికి ఒంపాడు. ఒక ముక్కు పురుగు మాత్రం ఆయన వేలిని పట్టుకుని వదల్లేదు. కూతురు దాన్ని తీయబోతే వద్దన్నాడు.

"ఉండనీ. అదే దిగుతుందిలే," అంటూ వేలిని ఆకుకు ఆనించి కూర్చున్నాడు.