నాగూర్‌బీ షరతు

గురువారం ఉదయం ఆరున్నరకు నాగూర్‌బీ చేతి బంగారు గాజులు రెండూ తీసి కూతురి లాప్‌టాప్ మీద పెట్టింది.

షకీల టీ కప్పు పక్కకు జరిపింది. "ఏందమ్మా ఇది?"

"వక్ఫ్. రాసుకో."

అమెరికాలో, పిస్కాటవేలోని ఆ అపార్ట్‌మెంట్‌కు ఆ మాట కొత్త కాదు. షకీల పీహెచ్‌డీ దాని మీదే. ఒట్టోమన్ సుల్తానుల కాలంలో సిరియాలోని అలెప్పో ఆడవాళ్ళు ఇల్లో, అంగడో, తోటో దేవుడి పేరున వదిలేసేవారు. వదిలాక దాన్ని అమ్మకూడదు, వెనక్కి తీసుకోకూడదు. రాబడి దేనికి వాడాలో ఇచ్చినావిడ షరతు పెడితే ఆ షరతే చట్టం. నర్సరావుపేట నుంచి వచ్చిన ఈ ఐదు నెలల్లో నాగూర్‌బీ కూరలు తరుగుతూ ఆ కథలన్నీ విన్నది; పోయిన బిడ్డ సమాధి దగ్గర నీళ్ళు పెట్టించిన ఒక తల్లి కథ కూడా.

ఆమె వచ్చింది కొడుకు కోసం. ఇక్కడే ఎంఎస్ చదువుతున్న జానీబాషా నిరుడు కారు ప్రమాదంలో పోయాడు. ఇక్కడే ఖననం చేశారు. అప్పటికి తల్లికి వీసా రాలేదు. వచ్చాక ప్రతి శుక్రవారం పక్కింటి కృష్ణవేణి ఆమెను సమాధి దగ్గరికి తీసుకెళ్ళేది. శుక్రవారం వస్తే షకీలకు ఏదో ఒక మీటింగ్ ఉండేది. శనివారం నాగూర్‌బీ తిరుగు ప్రయాణం.

"ఇవి అమ్మి ఆ డబ్బు మసీదు వాళ్ళ దగ్గర వెయ్యి. దాని మీద వచ్చేదానితో సమాధుల గేటు దగ్గర నీళ్ళు పెట్టాలి. వచ్చినోళ్ళు తాగి వాడికోసం దువా చేస్తారు. మీ అలెప్పో తల్లి తన బిడ్డకి పెట్టలా?"

"డబ్బు వక్ఫ్ చెల్లదని ఆ రోజుల్లోనే పెద్ద పెద్ద మౌల్వీలు కొట్టుకున్నారమ్మా."

"కొట్టుకోనీ. షరతు కూడా రాసుకో. చూసుకునే ముతవల్లీ షకీల. ప్రతి శుక్రవారం తన చేత్తోనే పెట్టాలి."

"నాకు కుదరదు. కృష్ణవేణి ఆంటీని అడుగుతాలే."

"ఆమె తమ్ముడా వాడు?"

"నన్ను ఇరికించడానికా ఇదంతా?"

"అవును. నాలుగొందల ఏళ్ళనాటి బిడ్డ సమాధి పక్కన ఏ చెట్టుందో చెప్తావు. వాడిది ఏ వరసలో ఉందో చెప్పు."

ఖననం రోజు తర్వాత షకీల అటు వెళ్ళలేదు.

"వాణ్ణి గుర్తుపట్టమని హాస్పిటల్ వాళ్ళు నన్నే పిలిచారమ్మా," అంది. "ఒక్కదాన్నే వెళ్ళాను. మళ్ళీ చూడటం నావల్ల కాదు."

నాగూర్‌బీకి ఆ సంగతి తెలియదు. స్నేహితులు గుర్తుపట్టారని అప్పుడు ఫోన్లో చెప్పింది కూతురే. తల్లి లేచి, కూతురి కుర్చీని దగ్గరికి జరుపుకుని ఆమె తలను పొట్టకు ఆనించుకుంది. ఇద్దరూ ఏడ్చారు. టీ చల్లారిపోయింది.

"షరతు కొట్టెయ్యి తల్లీ," అంది నాగూర్‌బీ. "నీళ్ళు ఎవరైనా పెడతార్లే."

షకీల ముఖం తుడుచుకుంది. "కుదరదు. మార్చుకునే హక్కు ముందే అట్టిపెట్టుకోవాలి. నువ్వు అట్టిపెట్టుకోలా."

"నేను పెట్టిందే గదే?"

"నువ్వైనా సరే."

శనివారం నాగూర్‌బీ ఫ్లైట్ ఎక్కింది. తర్వాతి శుక్రవారం నమాజు అయ్యాక షకీల గేటు దగ్గర బల్ల మీద నీళ్ళ సీసాలు పేర్చింది. ఒక ముసలాయన ఒకటి తీసుకుని, ఎవరి పేరున అని ఇంగ్లీషులో అడిగాడు.

"మా తమ్ముడు," అంది. "జానీబాషా."

ఆయన కూర్చుని నీళ్ళు తాగాడు. లేచి రెండు చేతులూ ఎత్తాడు. షకీల కూడా ఎత్తింది.