నాలుగు వందల జీబీ ఎవరు మింగారు

"నా ఎక్స్‌రేల మీద చెయ్యి వేస్తే వేళ్ళు విరుస్తాను" అంది ఎక్స్‌రే గది అమ్మాయి.

కంప్యూటర్లు చూసే కుర్రాడు చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. మౌస్ బాగుందా, వైరు బాగుందా అంటూ ఆర్నెల్లుగా ఆ గదికి వస్తున్నాడు. ఈరోజు నిజంగానే పని పడింది. డిస్క్ నిండిపోయింది. కొత్త ఎక్స్‌రే ఒక్కటీ సేవ్ కావడం లేదు. బయట బెంచీల మీద పదిమంది.

"ఐదేళ్ళు దాటినవన్నీ నాలుగింటికల్లా తీసెయ్యమన్నారు మేడం, మీ మామయ్యగారు."

ఆసుపత్రి మేనేజరు ఆమె మేనమామ. దానివల్ల ఆమెకి ఒక్క సెలవు కూడా ఎక్కువ దొరకలేదు.

"వెన్ను వంకరున్న పిల్లలవి అవి. వంకర పెరిగిందో తగ్గిందో డాక్టరు దేంతో పోల్చి చూడాలి? మీ మొహంతోనా?"

"నా మొహం పనికిరాదండీ. తిన్నగా ఉంటుంది."

ఆమె నవ్వలేదు. ఒక కాగితం ముందుకు తోసింది. ప్రతి ఫోల్డరు సైజూ రాసి, చేత్తో కూడింది. "మొత్తం ఆరు వందల జీబీ. మీ డిస్క్ వెయ్యీ నిండిందంటోంది. మిగతా నాలుగు వందలూ ఎవరు మింగారు?"

అడగాల్సినవాడు అడగలేదు. ఆమె అడిగింది. అతనికి సిగ్గేసింది.

కూర్చున్నాడు. ఫోల్డర్ల జోలికి పోలేదు. నడుస్తున్న ప్రోగ్రాములు ఏ ఫైళ్ళని పట్టుకుని ఉన్నాయో చూశాడు. చూసి మౌస్ వదిలేశాడు.

"చెప్పండి సార్" అంది ఆమె.

"ఎక్స్‌రే ప్రోగ్రాం తన పనులన్నీ రాసుకునే ఫైలు ఒకటుంది. ఉబ్బిపోతోందని పోయినవారం తీసేశాను. ప్రోగ్రాం ఆపకుండా తీశాను. అలా తీస్తే పేరు పోతుంది గానీ, ప్రోగ్రాం వదిలేదాకా చోటు ఖాళీ కాదు. అది ఇంకా రాస్తూనే ఉంది. పేరు లేదు కాబట్టి మీ కూడికకి చిక్కలేదు."

"అయితే తప్పు..."

"నాదే."

నాలుగింటికి పది నిమిషాలుండగా మేనేజరు లోపలికొచ్చాడు. "తీసేశావా?"

డిస్క్ పాతదైపోయిందని చెప్పొచ్చు. ఆయన నమ్మేవాడు.

"తీయక్కర్లేదు సార్. రెండు నిమిషాలు ప్రోగ్రాం ఆపితే చాలు. పోయినవారం నేను తప్పు చేశాను."

ఆపాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. వెయ్యి కాస్తా ఆరు వందలకి దిగింది.

ఆమె తలుపు తెరిచి బెంచీ మీది మొదటి పాపని పిలిచింది. కొత్త ఎక్స్‌రే సేవ్ అయింది. దాని పక్కన ఆరేళ్ళనాటిది తెరిచింది. వంకర బాగా తగ్గింది. పాప తల్లికి వేలితో చూపించింది. ఆ తల్లి చాలాసేపు తెరనే చూసింది.

వాళ్ళు వెళ్ళాక మేనేజరు అతనివైపు తిరిగాడు. "రేపు పొద్దున్నకి సంజాయిషీ నా బల్లమీద ఉండాలి. ఏమయ్యా, ఆర్నెల్లుగా బాగున్న మౌస్‌ని చూడ్డానికి వస్తున్నది నువ్వేనా?"

"నేనే సార్. మౌస్ కోసం కాదు."

ఆమె పాత ఎక్స్‌రే మూసే పనిలో ఉన్నట్టు నటించింది. చెవులు ఎర్రబడ్డాయి.

"అమ్మాయ్, నేను తెచ్చిన సంబంధాలన్నిటికీ వంకలు పెట్టావు. తప్పు చేసినవాడు నచ్చాడా?"

"తప్పు చేసినందుకు కాదు మామయ్యా. మీరు తెచ్చినవాళ్ళలో ఒక్కడూ ఏదీ ఒప్పుకోలేదు."

మేనేజరు ఇద్దరినీ చూశాడు. "సంజాయిషీ మాత్రం రాయాల్సిందే" అన్నాడు. "ఆదివారం అమ్మాయి వాళ్ళింటికొచ్చి ఇచ్చినా పరవాలేదు. వాళ్ళమ్మ కూడా చదువుతుంది."