ఆరో నంబరు సీసా

నా రాతలో తప్పులుంటే మన్నించండి. యాభై ఎనిమిదో ఏట పలక పట్టినదాన్ని. అక్షరం అక్షరం కూడబలుక్కుని రాస్తాను కాబట్టి ఈ కథకు నెల పట్టింది.

మంగళవారం పొద్దున నాందేడ్‌లో ప్రైవేటు డిటెక్టివ్ దమయంతి ఇంటికి ప్రవీణ పరుగున వచ్చింది. ప్రవీణ కాలేజీలో పరిశోధన చేస్తోంది. పత్తికట్టె బొగ్గుతో నీళ్లలోని క్రోమియం తీసేయడం ఆమె పని. అద్దకపు షెడ్ల నుంచి బావుల్లోకి దిగే ఆ విషాన్ని ఏళ్ల తరబడి తాగితే క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంది.

"అక్కా, బిలోలి దిక్కు ఒక ఊరి బావి నీళ్లు శనివారం నేనే పట్టిన. నిన్న పరీక్ష చేస్తే ఆ నీళ్ల సీసల, ఆరో నంబరుదాంట్ల, విషమే లేదు! పోయిన నెల హద్దుకు పదింతలుండె, అందుకే పంచాయతోళ్లు బావికి తాళమేసిన్రు. ఈ కాగితం చూసి రేపు బావి తాళం తీస్తరట. మళ్ల నీళ్లు తెచ్చినా మళ్ల మారుస్తరు."

"సీస ఎవరి చేతుల పడ్డది?"

"డ్రైవర్ దిగంబర్ జీపుల తెచ్చిండు. ల్యాబుకు తాళం ఉండె, అందుకే మా గైడు లక్ష్మణరావు సారు ఇంట్ల ఫ్రిజ్‌ల పెట్టినం. నిన్న పొద్దుగాల ల్యాబు అటెండరు సూర్యకాంత్ పోయి తెచ్చిండు."

దమయంతి ప్రవీణ తెచ్చిన సీసా మూత తీసి వాసన చూసి, సహాయకురాలు పూనమ్‌కి ఇచ్చింది.

"వాన పడ్డ మట్టి లెక్క ఉంది మేడం," అంది పూనమ్.

ఆ రోజే ఆ ముగ్గురి ఇళ్లకూ వెళ్లారు. మా దిక్కు గడప తొక్కినవాళ్లకు ముందు నీళ్లిస్తారు. దమయంతి ప్రతి ఇంటా గ్లాసు ఖాళీ చేసింది. దిగంబర్ ఇంట్లో ఉప్పటి బోరు నీళ్లు. "తాయీ, నేను స్టీరింగే వదల్లే, సీస ఎట్ల ముట్టుకుంట?" అన్నాడతను. సూర్యకాంత్ ఇంట్లో ఫిల్టర్ మిషన్ నీళ్లకు రుచీ లేదు, వాసనా లేదు. లక్ష్మణరావు వరండాలో నీళ్లు చల్లబడే పెద్ద మట్టి కుండ, రంజన్ ఉంది.

"ఎండకాలం గదా, వట్టివేళ్ల కట్ట వేస్తం," అంది ఆయన భార్య.

"ఆదివారం నల్లా వచ్చిందా అత్తమ్మా?"

"యాడిది! నిన్న మాపటికి వచ్చింది."

దమయంతి ఇంకో గ్లాసు అడిగి తాగింది.

బయటికి రాగానే పూనమ్ నవ్వింది. "కేసుకొచ్చినమా మేడం, చుట్టరికానికి వచ్చినమా? కడుపంత నీళ్లే."

"ఇంకొక్క గ్లాసుంది. అది మనకు కాదు."

సాయంత్రం ల్యాబులో అందరూ కూర్చున్నారు. ఆ బావి ఊరి నుంచి కూలికి పోయే రఖమాబాయి కూడా వచ్చింది. పోయినేడు ఆమె భర్త కడుపులో క్యాన్సర్‌తో పోయాడు.

"సీసలున్నయి వట్టివేళ్ల నీళ్లు," అంది దమయంతి. "బావిల వట్టివేళ్లు ఎవరూ వెయ్యరు. ఆదివారం సీస మార్చినాయనకు నల్లా రాలే, చేతికి రంజనే అందింది. రోజూ తాగే నీళ్లు గదా, ఆ వాసన ఆయన ముక్కుకు తెలువదు. బయటోళ్లకే తెలుస్తది. ఈ ముగ్గురి ఇండ్లల్ల ఆ వాసన ఒక్క ఇంట్లనే ఉంది, లక్ష్మణరావు సార్."

ఆయన నవ్వాడు. "వాసనతోటి నేరం రుజువైతదా?"

"కాదు సార్." దమయంతి ఆయన ముందు గ్లాసు పెట్టింది. "ఇవి రఖమాబాయి పంచాయతిల అడిగి తాళం తీయించి ఇయ్యాల తెచ్చిన బావి నీళ్లు. మంచివని పదేండ్ల కింద సంతకం పెట్టింది మీరే. తాగుండ్రి."

ఆయన గ్లాసును పక్కకు జరిపాడు.

"మా ఆయన ఆ సంతకం నమ్మే తాగిండు సార్," అంది రఖమాబాయి. "మీరు జర అటు జరపకుండ్రి, తాగుండ్రి."

లక్ష్మణరావు తల వంచాడు. "అప్పుడు పరీక్ష చెయ్యకుండనే సంతకం పెట్టిన. ఈ పిల్ల లెక్క నిజమైతే నా పేరు పోతదని భయపడి సీస మార్చిన."

"పేరు పోయింది. ఊరన్న మిగలాలె. రాయుండ్రి," అని దమయంతి కాగితం, పెన్ను జరిపింది.

ఆయన జరిగిందంతా రాసి సంతకం పెట్టాడు. ఈసారి ప్రతి మాటా రెండుసార్లు చదువుకున్నాడు.

మర్నాడు తాగేందుకు బావి తాళం తియ్యలేదు, పరీక్షకే తీశారు. పక్కనే ప్రవీణ బొగ్గు డ్రమ్ము బిగించి, అందులోంచి దాటి వచ్చిన బావి నీళ్లు అందరి ముందే పరీక్ష చేసి విషం లేదని చూపింది. మొదటి గ్లాసు రఖమాబాయికి ఇచ్చింది. రఖమాబాయి ముందు వాసన చూసింది. ఆ తర్వాతే తాగింది.

— భూమవ్వ, అరవై ఆరేండ్లు. పుట్టింది ఇస్లాపూర్ దగ్గర, ఇప్పుడు ఉండేది నాందేడ్.