కొట్టంలో ఉరికే గుర్రం

జఫర్‌గఢ్ గుట్ట కింద, ఊరికి ఆవలి పక్క, రాతి కమానులతో ఒక పాత గుర్రాల కొట్టం ఉంది. ఏ దొర కాలంలో కట్టిందో ఎవరూ చెప్పలేరు. సగం కప్పు కూలిపోయింది. మిగిలిన సగం కింద గబ్బిలాలు. పగటి పూట మేకలు కాసేవాళ్లు నీడకు కూర్చుంటారు. చీకటి పడిందా... బండి చెడిపోయినా సరే, ఆ మలుపులో ఎవరూ ఆగరు.

ఎందుకంటే అక్కడ గుర్రం ఉరుకుతుంది.

కనబడదు. వినబడుతుంది. దబ్-దబ్... దబ్-దబ్... దబ్-దబ్...

విన్నవాళ్లకు ఏమీ కాదు. కడుపుతో ఉన్న ఆడవాళ్లకే గండం. రెండేళ్లుగా ఆ చుట్టుపక్కల ఎవరికైనా కడుపు నిలవకపోతే 'గుర్రం తన్నింది' అంటున్నారు. ఆ మాట అన్నాక ఇంకెవరూ ఏమీ అడగరు. ఆ ఇంటి కోడలు దుప్పటి కప్పుకొని గోడవైపు తిరిగి పడుకుంటుంది. అత్త వాకిట్లో కూర్చొని గుర్రాన్ని తిడుతుంది. అందుకే కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో ఉంటే, మంగళవారం పొద్దుగూకే వేళకు నానబెట్టిన ఉలవలు తీసుకుపోయి మలుపు దగ్గరి రాయి మీద పెట్టి వస్తారు. గుర్రం తిని, తమ గడప మరిచిపోవాలని.

కొమురెల్లికి మాత్రం ఈ ముచ్చట మీద మొదటి నుంచీ అనుమానమే. ఆటోలు వచ్చేదాకా జనగామ స్టేషన్ కాడ జట్కా తోలిన మనిషి. పట్టిన పట్టు విడవడని ఊరంతా పేరు. ఇప్పుడు ఆయన ఇంట్లోనే కోడలు శ్రీలతకు అయిదో నెల. ఇద్దరు ఆడపిల్లల తర్వాత మూడో కాన్పు. పుట్టబోయే ఆ మనిషికి ఏమీ కాకూడదు, అంతే ఆయనకు కావలసింది.

"నా బతుకంత గుర్రంతోనే పాయె. గుర్రం ఆడమనిషిని తన్నంగ నేను చూడలే," అన్నాడు, భార్య ఉలవలు కడుగుతుంటే.

"నువ్వు చూసింది బతికున్న గుర్రం. గిది సచ్చిన గుర్రం," అంది చిలుకమ్మ.

"సచ్చినంక బుద్ధి మారుతదా?"

"నీకు బతికుండంగనే మారలే. జర పక్కకు జరుగు, నీళ్లు చిందుతున్నయ్."

మనుమరాలు మేఘన కిసుక్కున నవ్వింది. శ్రీలత నవ్వలేదు. ఆ నానిన ఉలవల వైపే చూస్తూ కూర్చుంది.

కొమురెల్లి అనుమానం ఊరికే పుట్టింది కాదు. పోయిన చలికాలం ఆఖరు బస్సు దిగి నడిచి వస్తూ ఆ చప్పుడు తనూ విన్నాడు. ఒళ్లు జల్లుమంది నిజమే. కానీ ఇంటికి చేరి గొంగట్లో దూరాక ఆలోచన మొదలైంది. దౌడు తీసే గుర్రం అడుగు అట్లా పడదు. నాలుగు కాళ్లూ గాలిలోకి లేచినప్పుడు ఒక చిన్న ఖాళీ వస్తుంది. రాయి తగిలితే తడబడుతుంది, ముక్కు చీదుతుంది. ఉరికే గుర్రమైతే దూరం పోవాలి, లేదా దగ్గరికి రావాలి. ఇది రెండూ కాదు. రెండేసి దెబ్బలు, మళ్లీ రెండేసి దెబ్బలు — నిలబడ్డ చోటే ఉరుకుతోంది.

చలికాలం రాత్రి చిన్న చప్పుడు కూడా చాలా దూరం పోతుందని ఆయనకు తెలుసు. చల్లగాలి నేలకు పరుచుకుంటుంది, చప్పుడు పైకి లేవకుండా నేల పట్టుకొని పారుతుంది. ఎండాకాలం పక్క వీధికి అందని రైలు కూత, చలికాలంలో నాలుగు ఊళ్లు దాటి వచ్చేది. అంటే ఆ కొట్టంలో అరిచేది పెద్ద వస్తువే కానక్కర లేదు. సెల్‌ఫోన్ అంత ఉన్నా చాలు.

గుప్తనిధులోళ్లు! గుట్ట మీది కోట చుట్టూ తవ్వుకోవడానికి, జనం రాకుండా ఫోన్లో గుర్రం చప్పుడు పెడుతున్నారు. ఆ లెక్క కుదిరింది.

ఒక్కటే కుదరలేదు. ఉలవలు కడిగిన ఆ రాత్రి అన్నం తింటూ కొడుకుతో అన్నాడు.

"ఒరే సుభాషూ... గీ గుర్రం మొదటి కాన్పు ఇంటికి ఎన్నడన్న పోయిందా?"

"ఏమో బాపూ."

"పోలే. కొడుకున్న ఇంటి దిక్కు తలకాయ గూడ తిప్పలే. దర్జీ మల్లేశం ఇంట్ల తన్నె. పాలాయన ఇంట్ల తన్నె. అన్నీ ఆడపిల్లలున్న ఇండ్లే. సచ్చిన గుర్రానికి గీ లెక్కలేంది?"

సుభాష్ చెయ్యి పళ్లెంలోనే ఆగింది. చిలుకమ్మ చారు గిన్నె చప్పుడయ్యేటట్టు పెట్టింది.

"తిను బాపూ, సల్లారిపోతది," అన్నాడు సుభాష్.

మరునాడు పొద్దుగూకంగానే సుభాష్ బండి తీశాడు. శ్రీలతను రేగొండలో తల్లిగారింట్లో దింపి వస్తానన్నాడు. గడప దగ్గర శ్రీలత మామ వైపు చూసి నిలబడింది. ఏదో చెప్పబోయినట్టుంది.

"పొద్దు పోతున్నది, ఎక్కు," అంది చిలుకమ్మ.

కొమురెల్లికి ప్రాణం లేచివచ్చింది. కోడలు ఊళ్లో లేదు. ఇక గుర్రం తంతే తననే తన్నాలి. ఈ రాత్రే ఆ దొంగల సంగతి చూడాలి. చిలుకమ్మ నిద్రపోయాక దండెం మీది పాత చర్నాకోల, టార్చిలైటు తీసుకొని బయటపడ్డాడు.

మలుపు దగ్గర రాయి మీద ఉలవలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

టార్చి ఆర్పేశాడు. గాలి లేదు. తుమ్మచెట్ల మధ్య అడుగులో అడుగు వేస్తూ నడిచాడు. ఏదో చల్లగా చెంప పక్కనుంచి దూసుకుపోయింది... గబ్బిలం. మేఘన బడి పుస్తకంలో పైకి చదివిన ముక్క గుర్తొచ్చింది. గబ్బిలం ఎగురుతూ అరుస్తుందట. ఆ అరుపు మన చెవికి అందదట. గోడకు తగిలి తిరిగి వచ్చిన అరుపును విని, చీకట్లో దారి చూసుకుంటుందట. అంటే ఇప్పుడు ఈ చీకటి నిండా అరుపులే... తనకే వినబడడం లేదు.

ఆ మాట తోచగానే మెడ వెనక వెంట్రుకలు లేచాయి.

అప్పుడే మొదలైంది.

దబ్-దబ్... దబ్-దబ్... దబ్-దబ్...

దూరం నుంచి విన్నట్టు లేదు. రాతి కమానులు ఆ చప్పుడును మింగి, పెంచి, బయటికి కక్కుతున్నాయి. ఒక గుర్రం కాదు, గుర్రాల మంద ఆ చీకట్లో తిరుగుతున్నట్టుంది. గచ్చు పగిలి రాళ్లు తేలిన నేల అది. ఏ గుర్రమూ అక్కడ పది అడుగులు ఉరకలేదు.

చప్పుడు ఆగింది.

ఎవరో గుసగుసగా ఏదో అన్నారు. ఇంకెవరో ముక్కు ఎగబీల్చారు. కూలిన గోడ సందులో నీలం వెలుగు మెరిసి, తగ్గింది.

మళ్లీ దబ్-దబ్... దబ్-దబ్...

ఇక ఆగలేకపోయాడు. చర్నాకోల గాలిలో ఛెళ్లుమనిపించి, "ఎవడ్రా అది!" అని లోపలికి ఉరికాడు. టార్చి వేశాడు.

గుర్రాలకు దాణా పోసే రాతి తొట్టి అరుగు మీద దుప్పటి పరిచి ఉంది. దాని మీద శ్రీలత పడుకొని ఉంది.

కడుపు మీద చీర పక్కకు తొలగి ఉంది, ఏదో జిగురు మెరుస్తోంది. పక్కన సుభాష్. ఒక కొత్త మనిషి వైరు కట్టిన చిన్న గుండు లాంటిదాన్ని ఆ కడుపుకు ఆన్చి పట్టుకున్నాడు. వైరు రెండో కొస చిన్న సూట్‌కేసంత పెట్టెలో ఉంది. దానికి టీవీ లాంటి అద్దం.

దబ్-దబ్... దబ్-దబ్... చప్పుడు ఆ పెట్టెలోంచి వస్తోంది.

"ఏడున్నదిరా గుర్రం?" అన్నాడు కొమురెల్లి.

"గుర్రం కాదు పెద్దాయనా... గుండె," అన్నాడు ఆ మనిషి. "లోపలున్న బిడ్డ గుండె. మన గుండెకు రెట్టింపు కొట్టుకుంటది. మన చెవికందని చప్పుడు దీంట్లకెళ్లి లోపటికి పోతది, బిడ్డకు తగిలి తిరిగొస్తది. అద్దంల బొమ్మ పడుతది. గుండె కదిలేది గిట్ల మనకు వినపడేటట్టు చేస్తది మిషిను."

"మరి గంత పెద్దగ ఎందుకు పెట్టినవ్?"

జవాబు కొమురెల్లికే తట్టింది. చప్పుడు పెద్దగా ఉంటే ఇటు ఎవరూ రారు.

"ఏం చెప్పిండు?" కొడుకును అడిగాడు.

సుభాష్ నేల చూశాడు. "మళ్ల ఆడపిల్లేనట బాపూ. రేపు మందు మింగితే... అమ్మకు ఎరుకే."

అమ్మకు ఎరుకే. ఉలవలు అందుకే నానబెట్టింది. రేపు ఎవరైనా అడిగితే, పెట్టినా గుర్రం ఒప్పుకోలేదని చెప్పుకోవచ్చు.

కొమురెల్లి అరుగు పట్టుకొని నిలబడ్డాడు. శ్రీలత కళ్లు గట్టిగా మూసుకొని ఉంది. ఆమె చెవుల్లోకి నీళ్లు కారుతున్నాయి. ఆ చప్పుడు మాత్రం ఎవరినీ పట్టించుకోకుండా, ఎక్కడికో చేరుకోవాలన్నట్టు ఉరుకుతూనే ఉంది.

"నువ్వేమంటవ్ బిడ్డా?" అన్నాడు. "నిన్ను ఎవరన్న అడిగిన్రా?"

ఆమె కళ్లు తెరిచింది.

"ఇంటికి పోదాం మామా. నేను మందు మింగ."

"ఏయ్, నువ్వు..." అని సుభాష్ ఒక అడుగు ముందుకు వేశాడు. చర్నాకోల రెండోసారి ఛెళ్లుమంది. కొడుకు అడుగు వెనక్కి పడింది. మిషిను మనిషి మాత్రం గుండు కింద పారేసి, తుమ్మచెట్లలో పడి చీకట్లో కలిసిపోయాడు.

ఆ రాత్రి శ్రీలత పిల్లల నడుమ పడుకుంది. కొమురెల్లి ఆ గది గడపకు అడ్డంగా మంచం వేసుకున్నాడు. చిలుకమ్మ ఒకసారి వచ్చి నిలబడింది. ఆయన మంచం జరపలేదు. పొద్దు పొడవంగానే కబురందుకొని రేగొండ నుంచి శ్రీలత అన్న వచ్చాడు. చెల్లెలు లోపలికి రమ్మంటే, వచ్చి ఆ గదిలోనే కూర్చున్నాడు.

అప్పుడు లేచాడు కొమురెల్లి. రాత్రి కొట్టం నుంచి తెచ్చిన పెట్టెను తువ్వాలలో కట్టుకొని, పోలీసు ఠాణాకని బయలుదేరాడు. దారిలో శ్రీపాల్ హోటల్ ముందర ఎప్పటి మనుషులే చాయ తాగుతున్నారు. దర్జీ మల్లేశం ఉన్నాడు. పాలాయన ఉన్నాడు.

"ఏం కొమురెల్లన్నా, రాత్రి గుర్రం మస్తుగ ఉరికిందట. ఎవరింటికి పోయిందో ఏమో!" అన్నాడు శ్రీపాల్ చాయ వడపోస్తూ.

కొమురెల్లి పెట్టెను బల్ల మీద పెట్టాడు. తువ్వాల ముడి విప్పాడు. వైరు, గుండు బయటపడ్డాయి.

"గిదే గుర్రం. పట్టుకొచ్చిన," అన్నాడు.

అందరూ చూశారు. ఒకరి తర్వాత ఒకరు చాయ గ్లాసులోకి తల వంచుకున్నారు.

గిదేంది, అని ఒక్కడూ అడగలేదు.