ఐదో డిష్ ముందు నిలబడ్డవాడు

ఆ టీవీ కేంద్రంలో పనిచేసేవాళ్ళెవరినైనా అడగండి — సాయంత్రం పూట ఐదో డిష్ ముందుకి వెళ్ళమంటే వెళ్ళరు. జీతం రెట్టింపు చేస్తామన్నా వెళ్ళరు.

వెనక ఆవరణలో తొమ్మిది డిష్‌లు. ఎనిమిది తలెత్తుకుని ఆకాశంలోకి చూస్తుంటాయి. ఐదోది మాత్రం పడమటికి బాగా వంగి ఉంటుంది, దాని ఉపగ్రహం ఆ మూల నేల అంచున ఉంది కాబట్టి. దాని ముందు కంకర మీద మనిషి నిలబడితే దాని నోట్లో నిలబడినట్టే. వంటింట్లో మైక్రోవేవ్ ఉంటుంది చూడండి, డిష్‌లోంచి పైకి పోయేదీ ఆ జాతిదే... కాకపోతే పెట్టెకి తలుపుంటుంది, దీనికి లేదు.

సరే, దానికి భయపడాల్సిందే. కానీ జనం భయపడేది దానికి కాదు.

ఏడాదికి రెండు దఫాలు, నాలుగైదు రోజులపాటు, సూర్యుడు దిగిపోతూ సరిగ్గా ఆ ఉపగ్రహం వెనక్కొచ్చి నిలబడతాడు. ఆ పది నిమిషాలూ లోపలి తెర మీద బొమ్మ పోయి అన్నీ చుక్కలే. ఆ పది నిమిషాల్లోనే — వాడొస్తాడు. మెడలో ఎర్ర తాడు. ఉరేసుకున్నవాడంటారు. ఒక కాలికి చెప్పుండదు. చేతిలో కత్తి. అది ఎత్తి ఊపుతూ కెమెరా వంకే చూస్తాడట.

ఎవరు చూశారయ్యా అంటే, ఒక్కడే చూశాడు. ఇరవై రెండేళ్ళ కిందట.

ఆయన అప్పట్లో డిష్‌ల గదిలో ఆపరేటరు. ఆ సాయంత్రం ఏదో పెద్ద ఫైనల్ ఆట, లోకమంతా టీవీలకి అతుక్కుపోయి ఉంది. కాపలా కెమెరా తెరలో ఐదో డిష్ ముందు మనిషి కనిపించాడు. ఈయన మరోమాట ఆలోచించలేదు, డిష్‌లు ఆపే ఎర్ర స్విచ్ కొట్టేశాడు. ఆరు నిమిషాలు ప్రసారం లేదు. పరిగెత్తుకెళ్ళి చూస్తే... పిట్ట కూడా లేదు.

తాగాడన్నారు. కాఫీ తప్ప ముట్టని మనిషిని. కునుకు తీసి కలగన్నాడన్నారు. ఉద్యోగం ఊడింది. ఆ తర్వాత ఆయన వీధి చివర ఫ్యాన్లూ రేడియోలూ బాగుచేసుకుంటూ కూతుర్ని చదివించాడు. ఆ కూతురే చిట్టి. ఇప్పుడు అదే గదిలో షిఫ్టు ఇంజనీరు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, వారంలో కాగితం రావాలి. ఇంట్లో ఉండేది తండ్రీ కూతుళ్ళిద్దరే, ఇల్లు నడిచేది ఆ జీతం మీదే.

పని గురించి తండ్రి చెప్పింది ఒకటే మాట. "డిష్ ముందు ఎవరైనా కనపడితే ముందు కొట్టెయ్యి, తర్వాత ఆలోచించు. మనిషైతే బతుకుతాడు. దెయ్యమైతే మన ఉద్యోగం పోతుంది, అంతేగా."

అంతేనట. ఎంత తేలిగ్గా అన్నాడో చూడండి.

కానీ ఆయన పుణ్యమా అని కేంద్రంలో కొత్త రూలొచ్చింది. స్విచ్ పక్కనే గోడకి అంటించారు — ఒక్కరు చూస్తే చాలదు, ఆవరణ కాపలా మనిషికి ఫోన్ చేసి, అతనూ ఔనంటేనే ముట్టుకోవాలి. కాదని ముట్టుకుంటే ఇంటికే.

ఇలా ఉండగా, కేంద్రం పెట్టి ముప్ఫై ఏళ్ళయిందని ఉద్యోగుల ఇళ్ళవాళ్ళని పిలిచి లోపలంతా చూపించే ఏర్పాటు చేశారు. చిట్టి బతిమాలి బామాలి తండ్రిని తీసుకొచ్చింది. పోయిన వారం తను కొన్న నీలం గళ్ళ చొక్కా వేయించింది. గేటు దగ్గర అందరితోపాటు ఆయన మెడలోనూ సందర్శకుల బిళ్ళ వేశారు.

"ఈ గేటుకి కరెంటు తీగ లాగింది నేనే," అన్నాడాయన. ఎవరూ వినిపించుకోలేదు.

"నాన్నా, లోపల ఏం మాట్లాడకు," అంది చిట్టి గుసగుసగా.

"నోరు ఇంట్లో పెట్టే వచ్చానమ్మా."

ఆమె షిఫ్టులో కూర్చుంది. టై కట్టుకున్న ఒకాయన జనాన్ని గది గదీ తిప్పాడు. వార్తలు చదివే బల్ల ముందు వైపు అద్దంలా ఉండి, వెనక వైపు మేకులు తేలి ఉంటే చూసి అందరూ ముక్కున వేలేసుకున్నారు. చివరికి డిష్‌ల గదికొచ్చారు. దానికి కిటికీల్లేవు. పగలైనా అందులో రాత్రే. గోడ నిండా తెరలు, వాటి వెలుగే దీపం.

టై ఆయన గొంతు తగ్గించాడు. "ఇదిగో... ఈ కుర్చీలోనే. ఒక తాగుబోతు ఆపరేటరు దెయ్యాన్ని చూశానని ఫైనల్ ఆట ఆపేశాడు."

జనం నవ్వారు. చిట్టికి చెవులు కాలిపోయాయి. ఆయన మా నాన్నండీ అందామనుకుంది, నోరు పెగల్లేదు. వారంలో రావాల్సిన కాగితం గుర్తొచ్చి పెగల్లేదు. అందుకు తన మీద తనకే అసహ్యమేసింది. ధైర్యం చేసి వెనక్కి తిరిగేసరికి అందరూ వెళ్ళిపోయారు.

ఇంతలో తెర మీద బొమ్మ వణికింది. ఒక చుక్క... పది చుక్కలు... మొత్తం చుక్కలే. సూర్యుడు ఉపగ్రహం వెనక్కొచ్చాడు. కంగారేం లేదు, ఊళ్ళల్లో జనానికి బొమ్మ వెళ్తూనే ఉంటుంది. ఆ రోజూ ఫైనల్ ఆటే, ఖర్మ కాకపోతే.

అలవాటుగా కాపలా కెమెరా తెర వంక చూసింది.

ఐదో డిష్ ముందు... ఎవరో.

ఎదురెండకి తెరంతా ఎర్రగా అలికినట్టుంది. మొహం తెలియట్లేదు. మెడలో మాత్రం తాడు. ఒక కాలు బోసిగా. చేతిలో ఏదో.

చిట్టి ఫోన్ అందుకుంది.

"ఐదో డిష్ ముందు... ఎవరైనా ఉన్నారేమో చూడండి."

అవతల కాపలా మనిషి కుర్చీ జరిపిన చప్పుడు. "ఎవరూ లేరమ్మా. ఇటు గేటుకి తాళం ఉంది."

"ముందుకెళ్ళి చూడండి."

"అమ్మా... ఇవి ఆ రోజులే కదా?" అన్నాడతను. "మీరూ అటు చూడకండి." ఫోన్ పెట్టేశాడు.

తెరలో వాడు చెయ్యెత్తాడు. చేతిలోది ఊపాడు... ఆమెనే చూస్తూ.

ఎదురుగా గోడ మీద రూలు. పక్కన స్విచ్. వారం... ఒక్క వారం ఆగితే కాగితం వచ్చేది. నాన్న ఆ రాత్రి అన్నం డబ్బా తెరవకుండానే ఇంటికొచ్చి గడపలో కూలబడ్డ తీరు ఆమెకి గుర్తుంది. అప్పుడామెకి పదేళ్ళు.

దెయ్యమైతే మన ఉద్యోగం పోతుంది, అంతేగా.

కొట్టేసింది.

తెర నల్లబడింది. గదిలో ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారే మోగాయి. ఆమె ఆగలేదు. నడవా దాటి, ఇనుప తలుపు తోసుకుని, కంకరలో పడి పరిగెత్తింది.

వాడు ఇంకా అక్కడే ఉన్నాడు.

వాడు నెమ్మదిగా ఇటు తిరిగాడు.

"చెప్పు తెగిందే చిట్టీ," అన్నాడు.

చేతిలో తెగిన చెప్పు. మెడలో సందర్శకుల బిళ్ళ, దాని ఎర్ర పట్టీ. చిట్టి ఆయన్ని గట్టిగా పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది.

"ఆ రోజు నాకు కనపడ్డ మనిషి ఎక్కడ నిలబడ్డాడో చూద్దామని వచ్చా," అన్నాడాయన. "కంచె గేటు తీసుంది. మా రోజుల్లో గేటు తీశారంటే డిష్ ఆపేశారనే అర్థం. దగ్గరికొచ్చాక డిష్ నడుస్తున్న హోరు వినపడింది... కంగారులో చెప్పు తెగి, ఈ కంకరలో అడుగు వెయ్యలేకపోయా. నువ్వు చూస్తావని ఊపా."

జనం ఫోటోలు తీసుకోవడానికి పక్క గేటు తెరిపించింది టై ఆయనేనని తర్వాత తేలింది. మళ్ళీ ఆ సాయంత్రం ఆయన నోరు మెదిపితే ఒట్టు.

వాళ్ళు డిష్‌ల గదికి తిరిగొచ్చేసరికి కేంద్రం చీఫ్ వచ్చి ఉన్నాడు. తండ్రిని చూశాడు, కూతుర్ని చూశాడు. లాగ్ పుస్తకంలో తనే రాశాడు: "మనిషి ఉన్నాడు. ప్రసారం ఆపడం సబబే." సంతకం పెట్టాడు. చిట్టి ఉద్యోగానికి ఢోకా లేదు.

ఏమనిపించిందో ఏమో, బీరువాలోంచి ఇరవై రెండేళ్ళనాటి పుస్తకం తీశాడు. తాడు, కత్తి అని ఇన్నాళ్ళూ నోటి మాటేగానీ అందులో ఆ రాత్రి చిట్టి తండ్రి ఏం రాశాడో ఎవరూ చదవలేదు. పైకి చదివాడు.

"ముసలాయన. నీలం గళ్ళ చొక్కా. మెడలో ఎర్ర పట్టీ, దానికి తెల్ల బిళ్ళ. ఒక కాలికి చెప్పు లేదు. దాన్ని చేత్తో పట్టుకుని..."

చీఫ్ అక్కడ చదవడం ఆపి ఆయన వంక చూశాడు. ఆ రోజుల్లో బిళ్ళలూ లేవు, సందర్శకులూ లేరు.

చిట్టి తండ్రి చొక్కా అంచు పట్టుకుంది. "నాన్నా... ఆ రోజు మొహం కనపడిందా?"

"కనపడింది."

"మరి ఎవరో ఎందుకు చెప్పలేదు?"

ఆయన ఎదురుగా ఆపేసి ఉన్న నల్ల తెరలో తన మొహం చూసుకుంటున్నాడు.

"ఎలా చెప్పనమ్మా. ఆయన పోయి అప్పటికే మూడేళ్ళు." చెంప తడుముకున్నాడు. "ఇన్నేళ్ళూ మా నాన్నేననుకున్నా."