మూడున్నర అడుగులు

ఆ ఇంటి వయసు నూటపాతికేళ్లు. కింద ఆరు గదులు, పైన నాలుగు, మధ్యలో ముగ్గురు పక్కపక్కన ఎక్కగలిగేంత వెడల్పు చెక్క మెట్లు. కట్టించినవాళ్ల వంశంలో ఇప్పుడెవరూ మిగల్లేదు. దాన్ని గ్రంథాలయం చేద్దామని, ముందుగా కొలతలు తీసి ప్లాను గీసివ్వమని డ్రాఫ్ట్స్‌మన్‌కి పని అప్పగించారు.

అతనితో రోజూ టేపు పట్టే మనిషి జ్వరంతో పడ్డాడు. దాంతో ఇంట్లో ఉన్న తండ్రినే రమ్మని బతిమాలాడు. తండ్రి అల్లాటప్పా మనిషేం కాదు, యాభై ఏళ్లు తాపీ పట్టిన మేస్త్రి. “ఆ ఇల్లు తప్ప ఇంకెక్కడికైనా వస్తా” అని మూడు రోజులు మొండికేశాడు. నాలుగో రోజు కొడుకు మొహం మాడ్చుకుని ఒక్కడే బయల్దేరుతుంటే మనసొప్పక చెప్పులు తొడుక్కున్నాడు.

పని తేలికే. తండ్రి టేపు కొసను గోడకు ఆనించి పట్టుకోవాలి, కొడుకు డబ్బా పట్టుకుని రెండో చివరికి నడవాలి.

“పట్టావా నాన్నా?”

“పట్టుకున్నా, లాగు.”

మధ్యాహ్నం దాకా ఇదే మాట, గది గదికీ. మధ్యలో ముసలాయన సణుగుడు వేరే. “గీతలు గీసేవాడికి ఏం తెలుసురా గోడ సంగతి? ఇటుక మోసినవాడికి తెలుస్తుంది.” కొడుకు నవ్వుకుని అంకెలు రాసుకున్నాడు.

కూడిక దగ్గర వచ్చింది చిక్కు. ఇంటి బయటి పొడవు నలభై రెండు అడుగులు. లోపలి గదులు, గోడల మందం, అన్నీ కలిపితే ముప్ఫై ఎనిమిదిన్నరే. మళ్లీ కూడాడు, మళ్లీ అంతే. మూడున్నర అడుగుల ఇల్లు ఎక్కడికి పోయినట్టు?

తేడా అంతా మెట్ల పక్కనున్న చివరి గదిలో ఉందని తేలింది. పాత అద్దాల కిటికీలోంచి మసక వెలుతురు తప్ప ఆ గదిలో ఏమీ లేదు. మెట్ల వైపు గోడ దగ్గర మాత్రం తడి సున్నం వాసన. నూటపాతికేళ్ల ఇంట్లో తడి సున్నం ఏమిటి? తండ్రి ఈసారీ గుమ్మం దాటి లోపలికి రాలేదు; పొద్దునా టేపు కొస గుమ్మం దగ్గరే పట్టుకున్నాడు. “దాహంగా ఉందిరా” అంటూ పెరటి వైపు నడిచాడు.

కొడుకు కాగితం మీద తలవంచుకుని ఉన్నాడు. కాసేపటికి వెనక అడుగుల చప్పుడైతే తండ్రే వచ్చాడనుకుని, తల ఎత్తకుండానే టేపు కొసను నేల మీద గోడ వైపు జరిపాడు.

“పట్టావా?”

“పట్టుకున్నా...” చాలా మెల్లగా వినిపించింది.

టేపు బిగిసింది. అతను గుమ్మం దాకా వెనక్కి నడిచి అంకె చూశాడు. పద్నాలుగున్నర అడుగులు. పొద్దున ఇదే గది పదకొండు. విసుగ్గా తల ఎత్తాడు.

గోడ దగ్గర ఎవరూ లేరు. టేపు గోడ అడుగున సన్నటి సందులోకి పోయి ఉంది... బిగుతుగా... కిటికీ అవతల పెరట్లో తండ్రి నీళ్లు తాగుతూ కనిపించాడు.

లోపల ఎవరో టేపును మెల్లగా తమ వైపు లాగారు.

డబ్బా వదిలేసి పెరట్లోకి పరిగెత్తాడు. కొడుకు మొహం చూసేసరికి మేస్త్రికి అంతా అర్థమైపోయింది. పెరటి మెట్టు మీద కూలబడి, గొంతు తగ్గించి చెప్పాడు.

“ఆ గోడ నేనే కట్టా. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. ఈ ఇంటి పెద్దాయనకి ఒక మరదలు ఉండేది, తమ్ముడి భార్య. మొగుడు పోయాక ఇంట్లో తన భాగం తనకిమ్మని పట్టుబట్టింది. ఒకరోజు ఆవిడ ఊరొదిలి వెళ్లిపోయిందన్నారు. నన్ను పిలిచి ఆ గదికి ఆనుకుని మెట్ల కిందున్న సామాన్ల కొట్టు మూసేయమన్నారు.”

“లోపల ఎవరో ఉన్నారని తెలియలేదా నీకు?”

“చప్పుడైంది. పిల్లి అన్నాడు పెద్దాయన. నా వెనకే నిలబడ్డాడు, కదల్లేదు. ఆఖరి ఇటుక పెట్టేప్పుడు సందులోంచి ఆవిడ నన్నే చూసింది. ‘మేస్త్రీ, నీకూ ఇంతే గది ఇస్తాను’ అంది. నేను... సున్నం మెత్తేశాను రా.”

కొడుకు తండ్రి చేతుల వైపు చూశాడు. పుట్టినప్పటి నుంచి తనను ఎత్తుకున్న చేతులు అవి. “గోడ పగలగొట్టిద్దాం నాన్నా. ఇప్పటికైనా బయటికి తీద్దాం.”

తండ్రి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. “ఈ వయసులో నన్ను నలుగురిలో నిలబెట్టకు. గోడ మందం నాలుగున్నర అడుగులని రాసేయ్. పాత ఇల్లు కదా, ఎవరడుగుతారు?”

తప్పని తెలుసు. అయినా కన్నతండ్రి ఏడుస్తుంటే చూడలేకపోయాడు. ఇంటికెళ్లి ప్లాను మీద అడుగు మందం గోడని నాలుగున్నర అడుగులు చేసి, మధ్యలో నల్ల గీతలతో నింపేశాడు. తండ్రి ఇటుకలతో మూసినదాన్ని కొడుకు పెన్సిలుతో మళ్లీ మూశాడు.

తెల్లారాక భార్య వచ్చి లేపింది. “మావయ్యగారి గదిలో ఏదో తేడాగా ఉందండీ. ఒకసారి రండి.”

ఆ గది అతను దగ్గరుండి కట్టించింది. పన్నెండు అడుగుల గది. గుమ్మంలోనే ఆగిపోయాడు. కిటికీ లేదు. మంచం లేదు. ఎదురుగా కొత్త గోడ, తడిగా, సున్నం వాసన కొడుతూ. దాని మొదట్లో తండ్రి చెప్పులు రెండూ గోడ వైపు తిరిగి ఉన్నాయి. గుమ్మం పక్కన, నిన్న ఆ ఇంట్లో వదిలేసి వచ్చిన టేపు డబ్బా.

టేపు అప్పటికే సాగి ఉంది. గుమ్మం నుంచి గోడ అడుగు సందులోకి. డబ్బా దగ్గర అంకె సరిగ్గా పన్నెండు. గోడ చూస్తే ఎనిమిదిన్నర అడుగుల దగ్గరే ఉంది.

“నాన్నా...” అన్నాడు. డబ్బా చేతిలోకి తీసుకున్నాడు.

టేపు బిగిసింది.

“పట్టుకున్నా, లాగు...” గోడ అవతలి నుంచి తండ్రి గొంతు. దానితో పాటే, అవే మాటలంటూ ఒక ఆడ గొంతు.

అతను లాగాడు. గోడ అవతల రెండు జతల చేతులు గోకుతున్న చప్పుడు మొదలైంది.