చుక్కమ్మ కత్తిరించిన మీసం

"ఇదేం సంగీతమండీ? చుక్కమ్మ వడిసెల తిప్పి రాళ్ళు రువ్వుతుంటే మీరు జోలపాట వాయిస్తున్నారేంది?"

కోటి హార్మోనియం మీంచి చేతులు తీసేశాడు. నరసరావుపేట బస్టాండు పక్కన కేసెట్లు అమ్ముతూ, అడిగినవాళ్ళకు వాయించి రికార్డు చేసిచ్చే షాపు పెట్టి మూడేళ్ళయింది. ఇంతవరకూ ఎవరూ అతన్ని ఇట్లా కడిగేయలేదు. అదీ షాపు గడప తొక్కిన మొదటిరోజే, నలుగురు కస్టమర్ల ముందు!

కడిగేసిన మనిషి కృష్ణకుమారి. ఊళ్ళో ఆడపిల్లల హైస్కూలుకు ఆ ఏడే వచ్చిన డ్రాయింగ్ టీచరు. ఇరవై పెద్ద షీట్ల మీద బొమ్మల నవల ఒకటి గీసింది. స్కూల్ యానివర్సరీ నాడు స్టేజీ మీద ఒక్కో షీటూ తిప్పుతుంటే వెనక కేసెట్లో సంగీతం రావాలి. గంట వినపడినప్పుడల్లా షీటు మారాలి. కథేమో, జొన్నచేలో పిట్టలు తోలే చుక్కమ్మ, ఆడవాళ్ళ నోళ్ళు మూయించే ఊరి మునసబు మీద తిరగబడటం.

"మరి హీరో ఎవరండీ?" అన్నాడు కోటి, గొంతు సవరించుకుని.

"చుక్కమ్మే."

"అంటే... చుక్కమ్మను చేసుకునేవాడు?"

"ఆవిడ ఇంకా ఎవర్నీ చూళ్ళేదు," అని కృష్ణకుమారి గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు స్కూలు వదలగానే మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత రోజూ వచ్చింది, రోజుకో షీటుతో. వడిసెల తిరిగినప్పుడు డబ్బా మూత మీద దరువేశాడు కోటి. చుక్కమ్మ పరుగెత్తినప్పుడు అతని వేళ్ళూ పరుగెత్తాయి. "ఆఁ, ఇదీ!" అని ఆమె బల్ల చరిచిన రోజు అతనికి అన్నం సయించలేదు. ప్రేమంటే ఇదేనని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

పైగా ఆమె చూపు అస్తమానం అతని మీసం మీదే ఉండేది.

"కుడివైపే లేచి ఉంటదేందండీ మీ మీసం?"

"ఎడంచెయ్యి హార్మోనియం తిత్తి కాడ ఉంటది గదండీ. దువ్వటానికి ఖాళీ దొరికేది కుడిచేతికే."

ఆమె పెదవి బిగబట్టి నవ్వాపుకుంది. మీసమే తన పని చక్కబెడుతోందని కోటి పొంగిపోయాడు. పాపం, అమాయకుడు!

పద్నాలుగో షీటు వాన కురిసే సాయంత్రం వచ్చింది. అప్పటిదాకా వచ్చిన షీట్లలో మునసబు వీపే తప్ప మొహం కనపడలేదు. తడవకుండా చుట్టిన ప్లాస్టిక్ కాగితం విప్పాడు కోటి. విప్పి, అట్లాగే స్టూలు మీద కూలబడ్డాడు.

మునసబు గడ్డం మీద పుట్టుమచ్చ. కుడివైపే లేచిన మీసం. చుక్కమ్మ చేతిలో గొర్రెబొచ్చు కత్తిరించే కత్తెర. ఆ లేచిన సగం మీసం గాల్లో ఎగురుతోంది!

"ఇది... ఇది నేనేగా!"

"మీరే."

"మీకు నేనేం చేశానండీ? ముందెప్పుడన్నా మిమ్మల్ని చూశానా?"

"అదేగా మీ తప్పు. చూళ్ళేదు. రెండేళ్ళ కింద సత్తెనపల్లిలో మా ఇంటికి పెళ్ళిచూపులకొచ్చారు. అరగంటా పళ్ళెం వైపే చూశారు."

కోటికి అప్పుడు గుర్తొచ్చింది. సత్తెనపల్లి సంబంధం! తలెత్తి చూస్తే పోకిరీ అనుకుంటారని అమ్మ చెప్పి పంపిన సంబంధం. ఆ ఇంట్లో అందరూ పాపాయీ అని పిలిచిన పిల్ల; అసలు పేరేంటో అతనికి తెలీదు. అమ్మాయికి నువ్వు నచ్చలేదంట అని కబురొస్తే ఇన్నాళ్ళూ లోలోపల కుమిలిపోయాడు.

"మీ మామయ్య నా డ్రాయింగ్ పుస్తకం చూసి, 'పెళ్ళయినాక ఈ గీకుడు కట్టిపెట్టాల, ఏమిరా?' అన్నాడు. మీరు తలూపారు. మీరు గడప దాటంగానే ఈ షీటు గీశాను."

"అయ్యో, అప్పుడే మీ అమ్మగారు ఇంకో సున్నుండ వెయ్యనా అన్నారండీ! నోరు నిండా సున్నుండ. దానికి ఊపానండీ తల!"

ఈసారి ఆమె నిర్ఘాంతపోయింది. నవ్వొచ్చింది గానీ మింగేసింది.

"సరే. మామయ్య మాట వినపడిందా, లేదా?"

కోటి అబద్ధం ఆడలేకపోయాడు. "వినపడింది. పెద్దాయనకు ఎదురుచెప్పటం నాకు చాతకాలా."

"ఈ షీటు మార్చను. వాయిస్తారా?"

"తెలిసీ నా షాపుకే ఎందుకొచ్చారు?"

"తెలిసి రాలా. వచ్చాక గుర్తుపట్టా. మర్నాడు రాకుండా ఉండాల్సింది," ఆమె గొంతు తగ్గింది, "వచ్చాను."

కోటి హార్మోనియం ముందుకు లాక్కున్నాడు. తన మీసం తెగే సంగీతం తనే వాయించాడు. మనసు పెట్టి వాయించాడు. ఈ పిల్ల దక్కాలంటే తాను ఎక్కడో ఒకచోట నోరు విప్పాలని అతనికి తెలిసిపోయింది.

ఆ చోటు యానివర్సరీ రోజే వచ్చింది. ముందు వరసలో స్కూలు కమిటీ మెంబరు మల్లికార్జునరావు, అంటే కోటి మామయ్య, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. గంట మోగింది. పద్నాలుగో షీటు తిరిగింది.

"ఓర్నీ! ఇది మన కోటిగాడి మొహం గదరా! ఎవర్రా గీసింది? ఆపండి ఆ కేసెట్టు!"

హాలంతా స్టేజీ వైపు తిరిగింది. కృష్ణకుమారి షీటును దించకుండా ఇంకాస్త పైకెత్తి పట్టుకుంది.

తెర వెనక నుంచి కోటి వెలుతురులోకొచ్చాడు. అతన్ని చూసి మామయ్య కాలు మీంచి కాలు తీసేశాడు. మీసం లేదు! నున్నగా గీయించుకున్నాడు.

"కేసెట్టు ఆపను మామయ్యా. ఆ అమ్మాయి గీతలు ఆపమనటానికి మనమెవరం? రెండేళ్ళ కిందే అనాల్సిన మాట. భయపడి అనలా. ఇప్పుడంటున్నా."

ఆడపిల్లల చప్పట్లకు హాలు పైకప్పు రేకులు అదిరాయి. ఆ గోలలో గంట ఎవరికీ వినపడలేదు. కృష్ణకుమారి కూడా షీటు తిప్పటం మరిచి అతన్నే చూస్తూ నిలబడిపోయింది.

తర్వాతి ఆదివారం కోటి వాళ్ళ ఊరు రొంపిచెర్లలో వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. ఆడపిల్ల, తల్లిని వెంటబెట్టుకుని మగపిల్లాణ్ణి చూడవచ్చింది! మల్లికార్జునరావు మొహం గంటు పెట్టుకునే కుర్చీలు వేశాడు. సున్నుండల పళ్ళెం కోటే తెచ్చాడు.

"తలెత్తండి," అంది కృష్ణకుమారి. ఎత్తాడు. ఆమె కళ్ళలోకి మొట్టమొదటిసారి పెళ్ళికొడుకులా చూశాడు.

"అబ్బాయి నచ్చాడా అమ్మా?" అన్నాడు మామయ్య, ఇష్టం లేనట్టే.

నోట్లో సున్నుండ ఉంది. ఆమె తలూపింది.

కోటి పళ్ళెం పట్టుకునే ముందుకు వంగాడు. "ఆ ఊపింది నాకా అండీ, సున్నుండకా?"

ఆమె తాపీగా నమిలి, మంచినీళ్ళు తాగి, చెంగుతో మూతి తుడుచుకుంది.

"మీకే. మీసం మళ్ళీ పెంచండి. ఈసారి ఎడమవైపు నేను దువ్వుతాను."